వాపసు

దసరా దాటి దీపావళి రాకముందు
మా కోఠి బ్రాంచిల నాకు ఇంకో డ్యూటీ పడతది.
పొద్దంత వచ్చిన పొట్లాలను
సాయంత్రం ఎవరివి వాళ్లకు ఇచ్చి రావాలె.

సర్క్యులర్ నోటీసు బోర్డు మీద నాలుగు పిన్నులతోని ఉన్నది:
నగదు గానీ, వస్తువు గానీ, సేవ గానీ,
ఏ రూపంలో గానీ, ఎంత విలువైనది గానీ...
ఆ గానీలన్నీ దాటి వచ్చేసరికి
చదివేటోనికి తీసుకోవాలన్న ఆశే సచ్చిపోతది.
హైమవతి మేడం కొత్తగ వచ్చింది.
రిజిస్టరుకు అట్ట ఏయించింది.
స్కేలు పెట్టి గీతలు తనే గీసుకుంది:
తేదీ, ఇచ్చినవారు, వస్తువు, అంచనా విలువ, ఏం చేశాం.

పాత మేనేజరు కాలంల ఈ రిజిస్టరు లేదు.
ఆయన కారు డిక్కీ ఉండె.
పొట్లాలు నేనే మోసేది.
మోసినందుకు ఒక బాదం డబ్బా నాకు.
మా బిడ్డ ఆ డబ్బాల ఇప్పటికీ గాజులు పెట్టుకుంటది.
చెప్పుకోవాలె గద, చెప్తున్న.

పత్తర్‌గట్టిల ఖలీలుద్దీన్ సాబ్
వాపసొచ్చిన అత్తరు సీసా చూసి నవ్విండు.
"మొన్న మీ మేడం మణికట్టు మీద ఒక చుక్క రాసిన.
అది గూడ తుడిచి పట్కరా పో."

కొండాపూర్‌ల బిల్డర్ ఆఫీసు.
రిసెప్షన్ పిల్ల తల ఎత్తలే.
వెండి గిన్నెను మూలకున్న కుప్పల పెట్టమన్నది.
ఆ కుప్పల ఏవి పోయేటివో, ఏవి వాపసొచ్చినవో
దేవునికి గూడ తెల్వది.
సంతకం అడిగితే
కొరియరోన్ని అనుకొని గీకి ఇచ్చింది.

ఆఖరుది సీతాఫలాల సంచి.
మొజంజాహీ మార్కెట్ పక్కన జమ్లీబాయి బండి.
తోపుడుబండి లోను పాసైందని
పొద్దున కౌంటరు మీద పెట్టి, వద్దనేలోపల ఉరికింది.
అంచనా విలువ కాడ మేడం పెన్ను ఆగింది.
ఎనభై అని రాసి, కొట్టేసి, వంద అని రాసింది.

సంచి చూడంగనే జమ్లీబాయి మొఖం చిన్నబోయింది.
"పురుగులున్నయా?"
లేవన్న. రూలు చెప్పిన. గానీలన్నీ చెప్పిన.
ఆమె ఒక్కో పండు తీసి బొటనవేలితో ఒత్తి చూసింది.
"పొద్దున గట్టిగుండె. మీ బ్యాంకులనే పండినయి.
ఇప్పుడివి ఎవలకు అమ్మాలె?"

నా కాడ జవాబు లేదు. వంద నోటు ఉన్నది.
"నాకు అమ్ము."
"రూలు ఒప్పుకుంటదా?"
"కొనుడు ఒప్పుకుంటది."

తక్కెడ ఎత్తింది. నిజంగనే తూచింది,
నేను మోసుకొచ్చిన పండ్లనే
ఎన్నడూ చూడని పండ్ల లెక్క,
ముల్లు నిలబడేదాక.
నోటు గల్లాల ఏసింది.
కుప్పల కెల్లి ఒక పెద్దకాయ తీసి
సంచిల పడేసింది.

"ఇదేంది?"
"కొసరు."
"వద్దు, జమ్లీబాయీ..."
"కొసరు లేని బేరం ఏడన్న ఉంటదా?
మా అవ్వ కాన్నుంచి
కొసరు పెట్టకుండ ఎవల్నీ పంపలే.
మీ కాయితంల కొసరు ఉన్నదా, లేదా?"

గుర్తు చేసుకున్న.
నగదు గానీ. వస్తువు గానీ. సేవ గానీ.
లేదు.

ఆ కొసరు పండు బస్టాపుల నిలబడి తిన్న.
గింజలు ఊంచడానికి జాగ దొరకక
అంగి జేబుల ఏసుకున్న.

తెల్లారి మేడం రిజిస్టరు తెరిచింది.
"ఇచ్చేశావా?"
"ఇచ్చిన మేడం."
"తీసుకుందా?"
"తీసుకుంది."
రెండూ నిజమే. జేబుల గింజలు గలగలమన్నయి.

ఏం చేశాం కాడ ఆమె వంగి రాస్తుంటే
మణికట్టు కెల్లి సన్నగ, ఇంకా,
ఖలీలుద్దీన్ సాబ్ దుకాణం వాసన.

నేనేం అనలే.